అర్ధరాత్రి దాటాక తీసిన పెళ్లి ఫొటోలన్నీ ఒక్క ఫైలైపోయిన కేసు

తణుకు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో శ్రావణమాసం సీజన్‌లో జరిగిన సంగతి ఇది. స్టూడియో పేరు అనవసరం. ఒక పెళ్లికి సంబంధించిన ఫొటోలను కార్డుల నుంచి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, తేదీల వారీగా ఫోల్డర్లలో సర్దే పైథాన్ స్క్రిప్ట్ నడిపారు. ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు, చివర్లో 'పూర్తయింది' అని కూడా వచ్చింది. తెరిచి చూస్తే స్నాతకం ఉంది, ఎదురుకోలు ఉంది, గౌరీపూజ ఉంది, జీలకర్ర బెల్లం లేదు, మాంగల్యధారణ లేదు, తలంబ్రాలు లేవు. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. పన్నెండుకు ముందు తీసినవన్నీ క్షేమం, పన్నెండు తర్వాతవి ఒక్కటీ కనపడలేదు.

స్క్రిప్ట్ రాసింది ఓనర్‌గారి మేనల్లుడు, బీటెక్ రెండో సంవత్సరం కుర్రాడు. ముందే చెబుతున్నా, రాసింది చెత్త కోడేమీ కాదు, ఇంటర్నెట్‌లో బిగినర్స్‌కి నేర్పే పద్ధతిలోనే రాశాడు. కాబట్టి ఇది వాడి తప్పు గురించిన కథ కాదు. ఫోల్డర్ ఉందా లేదా చూడటం, లేకపోతే తయారు చేయటం అనే రెండు లైన్ల పని ఎన్ని రకాలుగా మనల్ని ముంచగలదో చూపించే కేసు ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు కాబట్టి మొత్తం రాస్తున్నాను. పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టిన వాళ్లు కూడా చదవొచ్చు, కోడ్ చూపించకుండా మాటల్లోనే చెబుతాను.

స్క్రిప్ట్ ఎలా ఉండేదంటే

నడపగానే బుకింగ్ పేరు అడుగుతుంది, తర్వాత ఫంక్షన్ తేదీలు అడుగుతుంది, రెండు మూడు రోజుల ఫంక్షనైతే కామా పెట్టి వరసగా కొట్టాలి. వెంటనే హార్డ్ డిస్క్‌లో బుకింగ్ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల టైప్ చేసిన ఒక్కో తేదీకి ఒక్కో ఫోల్డర్ తయారవుతాయి. ఫోల్డర్లు తయారు చేసే పని అక్కడితో అయిపోయింది, మళ్లీ ఆ ఊసే లేదు. ఆ తర్వాత లూప్ మొదలవుతుంది, కార్డుల నుంచి కాపీ చేసిపెట్టిన ఫొటోలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఫైల్ సేవ్ అయిన సమయంలోంచి తేదీ తీసి, ఆ తేదీ ఫోల్డర్‌లోకి షుటిల్ మాడ్యూల్‌లోని మూవ్ ఫంక్షన్‌తో తోసేస్తుంది.

ఇలా చాలా పెళ్లిళ్లకు బాగానే నడిచింది, ఎందుకంటే మామూలుగా పెళ్లి మర్నాడు సత్యనారాయణ వ్రతం ఉంటుంది, దాని బుకింగ్ కూడా వీళ్లదే, కాబట్టి రెండు తేదీలు టైప్ చేసేవాళ్లు, అర్ధరాత్రి దాటిన ఫొటోలు పోయి వ్రతం ఫోల్డర్‌లో పడేవి. 'పెళ్లి ఫొటోలు వ్రతంలో కలిశాయి' అని గొణుక్కుంటూ చేత్తో సర్దుకునేవాళ్లు. ఈసారి వ్రతం మగపెళ్లివారి ఊళ్లో, వేరే స్టూడియో వాళ్లు చేస్తున్నారు. పెళ్లి ఒక్కటే కదా అని ఒక్క తేదీయే కొట్టారు, 2024-08-15. పెళ్లి ఒక్కటే, తేదీలు మాత్రం రెండు.

నాకు ఫోన్ వచ్చేసరికి కుర్రాడు బాగా టెన్షన్‌లో ఉన్నాడు. వాడన్న మొదటి మాట ఇది: "అన్నా, ఫోల్డర్ ఉందనే చెబుతోంది, డబుల్ క్లిక్ చేస్తే మాత్రం ఏ యాప్‌తో తెరవాలి అని అడుగుతోంది."

సగం కేసు ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. ఫోల్డర్‌ను ఏ యాప్‌తో తెరవాలని విండోస్ ఎప్పుడూ అడగదు.

ఎక్స్‌టెన్షన్ లేని ఆ తెల్ల కాగితం

వాళ్ల స్క్రీన్‌ను నా కంప్యూటర్‌లో చూపించే ఎనీడెస్క్‌లో చూశాను. బుకింగ్ ఫోల్డర్ లోపల రెండు ఉన్నాయి. ఒకటి పచ్చటి ఫోల్డర్ బొమ్మతో 2024-08-15. దాని కింద తెల్ల కాగితం బొమ్మతో 2024-08-16. సైజు కాలమ్‌లో ఫోల్డర్‌కి ఖాళీగా ఉంటుంది, దీనికి మాత్రం ఒక మామూలు కెమెరా ఫొటోకి ఉండేంత సైజు ఉంది. దానికో కాపీ తీసుకుని, కాపీ పేరు చివర డాట్ జేపీజీ తగిలించి తెరవమన్నాను. అప్పగింతలప్పుడు కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో వచ్చింది, తెల్లవారుజామున తీసిన ఫొటో అది. అంటే పన్నెండు దాటాక తీసిన వందల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పడి, ఆఖరుది మాత్రం మిగిలింది.

ఇదెలా జరుగుతుందో నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే ఈ పని చేసే స్క్రిప్టులు స్టూడియోల్లోనే కాదు, ఆఫీసుల్లో స్కాన్ కాపీలు సర్దేవాళ్ల దగ్గరా, కాలేజీల్లో అసైన్‌మెంట్లు సర్దేవాళ్ల దగ్గరా ఇలాగే ఉంటాయి.

మూవ్ ఫంక్షన్‌కి రెండు విషయాలు ఇస్తాం, ఏ ఫైలు, ఎక్కడికి. ఆ 'ఎక్కడికి' అన్నది అప్పటికే ఉన్న ఫోల్డర్ అయితే, ఫైలును తీసుకెళ్లి అందులో పెడుతుంది. అలాంటి ఫోల్డర్ లేకపోతే? మనం ఇచ్చింది ఫైలుకి కొత్త పేరు అనుకుంటుంది. దాని తప్పేం లేదు, ఆ ఫంక్షన్ ఉన్నదే రెండు పనులకూ, జరపటానికీ పేరు మార్చటానికీ. పదిహేనో తేదీ ఫోల్డర్ ఉంది కాబట్టి ఆ తేదీవి లోపలికెళ్లాయి. పదహారో తేదీ ఫోల్డర్ లేదు. కాబట్టి అర్ధరాత్రి దాటిన మొదటి ఫొటో, డీఎస్‌సీ అని మొదలయ్యే దాని అసలు పేరు పోగొట్టుకుని, 2024-08-16 అనే పేరుతో ఒక ఫైలుగా బుకింగ్ ఫోల్డర్‌లో కూర్చుంది.

రెండో ఫొటో దగ్గర ఇంకో మలుపు. విండోస్‌లో పైథాన్ రీనేమ్, ఆ పేరుతో అప్పటికే ఫైలుంటే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ బయటికి వచ్చుంటే రెండో ఫొటో దగ్గరే స్క్రిప్ట్ ఆగిపోయేది, ఒక ఫొటో పేరు మారటం తప్ప నష్టమేమీ ఉండేది కాదు. కానీ మూవ్ ఫంక్షన్ లోపల ఒక ఏర్పాటు ఉంది: రీనేమ్ కుదరకపోతే, బహుశా వేరే డ్రైవ్‌కి జరుపుతున్నారేమో అనుకుని, కాపీ చేసి పాతది డిలీట్ చేస్తుంది. వేరే డ్రైవ్ కోసం పెట్టిన ఆ దారి ఇక్కడ పనిచేసింది. రెండో ఫొటో మొదటి దాని మీద కాపీ అయింది, అసలుది డిలీట్ అయింది. మూడోది రెండో దాని మీద. అలా తెల్లారేదాకా. లైనక్స్‌లో అయితే ఈ మెలిక కూడా అక్కర్లేదు, అక్కడ రీనేమ్ ఉన్న ఫైలు మీద చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. దారులు వేరు, నష్టం ఒకటే.

ఫోన్ చేసే ముందు కుర్రాడు రెండు రిపేర్లు చేశాడు

ఈ భాగం బిగినర్స్ కచ్చితంగా చూడాలి. వాడికి సమస్య 'పదహారో తేదీ ఫోల్డర్ తయారవలేదు' అని అర్థమైంది, మూడో కెమెరా ఫొటోలు ఇంకా ఎక్కించలేదు కాబట్టి వాటిమీద పరీక్షించాడు. అందరూ రాసే లైనే రాశాడు: పాత్ మాడ్యూల్‌లోని ఎగ్జిస్ట్స్‌తో ఉందా అని అడుగు, లేకపోతే ఎంకేడిర్‌తో తయారు చెయ్యి. మళ్లీ నడిపాడు. మళ్లీ అదే తెల్ల కాగితం. ఎందుకంటే ఎగ్జిస్ట్స్ అడిగేది 'ఈ పేరుతో ఏదైనా ఉందా' అని మాత్రమే, 'ఈ పేరుతో ఫోల్డర్ ఉందా' అని కాదు. ఆ పేరుతో ఫైలుంది. కాబట్టి అది ట్రూ అంది, ఫోల్డర్ తయారు చేసే లైన్ నడవలేదు, ఆ మూడో కెమెరా ఫొటోలు కూడా అదే ఫైలు మీద పడటం మొదలుపెట్టాయి. అదృష్టం, పరీక్ష కోసం కొన్ని ఫొటోలే తీసుకున్నాడు, కార్డులో అసలువి ఉన్నాయి.

ఫోల్డర్ కోసమే అడగాలంటే ఈజ్‌డిర్ అడగాలి. ఎగ్జిస్ట్స్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది, ఫోల్డర్ ఉండి కూడా దాన్ని చూసే పర్మిషన్ మనకు లేకపోయినా, నెట్‌వర్క్ డ్రైవ్ పలకకపోయినా, దాని జవాబు ఫాల్సే. అంటే 'లేదు' అన్నదానికీ 'చూడలేకపోయాను' అన్నదానికీ ఒకే జవాబు. ఈజ్‌డిర్‌దీ ఈ విషయంలో అదే ధోరణి. 'లేదు' అని వచ్చింది కదా అని తయారు చేయబోతే తర్వాతి లైన్లో ఎర్రర్ వస్తుంది, మన వాళ్లేమో 'లేదన్నావు, తయారు చేస్తానంటే వద్దంటున్నావు, నీకేం రోగం' అని కంప్యూటర్‌ని తిడతారు.

తర్వాత చేసిన రిపేరు ఇంకా ఆసక్తికరం. ఫోల్డర్లు కట్టే ఇంకో ఫంక్షన్ మేక్‌డిర్స్ వాడి, ఎగ్జిస్ట్ ఓకే అనే ఆప్షన్‌ను ట్రూ చేశాడు. పైథాన్ 3.2 నుంచి ఉందిది, ఫోల్డర్ ఇప్పటికే ఉంటే గొడవ చేయకు అని దానర్థం. నడిపితే 'ఫైల్ ఎగ్జిస్ట్స్ ఎర్రర్' అని ఆగిపోయింది. "ఉన్నా ఫర్వాలేదని చెప్పాక కూడా ఉంది ఉంది అంటోందేంటన్నా" అని వాడి బాధ. ఆ ఆప్షన్ చెప్పేది ఫోల్డర్ ఉంటే ఫర్వాలేదు అని. ఆ చోట ఫైలుంటే ఫర్వాలేదని కాదు, ఎందుకంటే ఫైలు లోపల ఫొటోలు పెట్టలేం కదా. మొత్తం వ్యవహారంలో మొదటిసారి నిజం చెప్పింది ఆ ఎర్రరే. వాడు దాన్ని, ఎర్రర్లను పట్టుకునే ట్రై ఎక్సెప్ట్‌లో పెట్టి పాస్ అని రాసి నోరు మూయించబోతూ, ఏదో అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు. ఆ అనుమానానికి వాడికి మార్కులు వేయాలి.

పోయిన ఫొటోలు

ముందు ఆ హార్డ్ డిస్క్ మీద ఇంకేమీ రాయొద్దని చెప్పి ఆపించాను. మెయిన్ కెమెరాలో రెండు కార్డుల స్లాట్లు ఉన్నాయి, రెండింటిలో ఒకేసారి సేవ్ అయ్యేలా సెట్ చేసి ఉంది, రెండో కార్డు ఇంకా ఫార్మాట్ కాలేదు, ముహూర్తం ఫొటోలు మొత్తం అందులో దొరికాయి. ఓనర్‌గారు ఊపిరి పీల్చుకున్నారు. క్యాండిడ్ కెమెరాకి ఒకటే స్లాట్, అందులో ఉన్న కార్డు అప్పటికే వేరే ఫంక్షన్‌కి వెళ్లిపోయింది. ఆ కెమెరా ఫొటోల కోసం ఫొటోరెక్ అనే ఫ్రీ టూల్ నడిపాం, చాలావరకు వచ్చాయి, కాకపోతే అది ఫైళ్ల అసలు పేర్లూ ఫోల్డర్లూ తిరిగి తేలేదు, అన్నిటికీ కొత్త నంబర్లు తగిలించి ఇస్తుంది, కూర్చుని ఏరుకోవాలి. అది మామూలు తిరిగే హార్డ్ డిస్క్ కాబట్టి ఈ మాత్రమైనా వచ్చింది. ఎస్‌ఎస్‌డీ అయితే డిలీట్ చేసిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటుతో డిస్కే ఖాళీ చేసేసుకుంటుంది, ఆశలు పెట్టుకోకూడదు.

మళ్లీ రాసినప్పుడు

కొత్త స్క్రిప్ట్‌లో నేను పట్టుబట్టింది ఒక్కటే. ఫోల్డర్లన్నీ ఒక జాతివి కావు. హార్డ్ డిస్క్‌లో పైన ఉండే మూల ఫోల్డర్ వేరు, లోపల మనం పుట్టించే బుకింగ్, తేదీ, కెమెరా ఫోల్డర్లు వేరు. మూల ఫోల్డర్ ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆగిపోవాలి, స్క్రిప్ట్ దాన్ని ఎప్పుడూ తయారు చేయకూడదు. లోపలి ఫోల్డర్ల సంగతి తిరగేసి, వాటిని ఉన్నాయా అని అడగకూడదు, నేరుగా తయారు చెయ్యమనాలి, ఉంటే ఉన్నట్టే సరిపెట్టుకుంటుంది. బిగినర్స్ చేసేది సరిగ్గా దీనికి ఉల్టా: లోపలి వాటిని పది సార్లు చెక్ చేస్తారు, మూల ఫోల్డర్‌ను మాత్రం మేక్‌డిర్స్ చేతికి ఇచ్చేసి అసలు పట్టించుకోరు.

మేక్‌డిర్స్ పైనుంచి కిందిదాకా లేనివన్నీ కట్టుకుంటూ పోతుంది. అందుకే సుఖం, అందుకే ప్రమాదం. ఈ స్టూడియోలో హార్డ్ డిస్క్ మామూలుగా ఎఫ్ డ్రైవ్‌గా వస్తుంది. ఒకరోజు కస్టమర్ పెన్‌డ్రైవ్ ముందు పెట్టి ఉంది, అదే ఎఫ్ అయి కూర్చుంది, హార్డ్ డిస్క్ జీ అయింది. పాత స్క్రిప్ట్ అయితే ఆ పెన్‌డ్రైవ్‌లో మూల ఫోల్డర్ కట్టేసి, వేరేవాళ్ల పెళ్లి ఫొటోలు ఎక్కించేసి, కస్టమర్ చేతికి ఇచ్చేసేది. ఎర్రర్ ఉండదు! లైనక్స్ వాడే వాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది, డిస్క్ మౌంట్ కాకపోతే, అంటే సిస్టమ్‌లో ఒక ఫోల్డర్‌కి తగులుకోకపోతే, ఆ మౌంట్ చోటు కూడా మామూలు ఫోల్డరే, రాయటానికి పర్మిషన్ ఉంటే స్క్రిప్ట్ దాని కింద రాసుకుంటూ పోయి సిస్టమ్ డిస్క్ నింపేస్తుంది, తర్వాత అసలు డిస్క్ మౌంట్ చేయగానే రాసినవన్నీ దాని కింద దాక్కుని కనపడకుండా పోతాయి.

అందుకని మూల ఫోల్డర్‌లో ఒక చిన్న గుర్తు ఫైలు పెట్టించాను, దాంట్లో స్టూడియో డిస్క్ పేరు మాత్రం ఉంటుంది. స్క్రిప్ట్ మొదలవగానే ఆ ఫైలు ఉందా, లోపల ఆ పేరే ఉందా చూస్తుంది. లేకపోతే 'హార్డ్ డిస్క్ పెట్టలేదు, లేదా డ్రైవ్ లెటర్ మారింది' అని తెలుగులో చెప్పి ఆగిపోతుంది. ఫోల్డర్ పేరు చూస్తే చాలదా అని కుర్రాడు అడిగాడు. చాలదు, ఎందుకంటే పాత స్క్రిప్ట్ ఎక్కడెక్కడ అదే పేరుతో ఫోల్డర్లు కట్టి పెట్టిందో మనకు తెలియదు.

లోపలి ఫోల్డర్ల కోసం పాత్‌లిబ్ అనే పైథాన్ మాడ్యూల్ వాడాం. దాని ఎంకేడిర్‌లో రెండు ఆప్షన్లు విడివిడిగా ఉంటాయి, పేరెంట్స్ ఒకటి, ఎగ్జిస్ట్ ఓకే ఒకటి. చాలామంది రెండూ కలిపి మంత్రంలా ట్రూ, ట్రూ అని కొట్టేస్తారు. అవి రెండు వేరు వేరు ప్రశ్నలు. పై ఫోల్డర్ లేకపోతే అది కూడా కట్టనా? ఇది ఇప్పటికే ఉంటే ఫర్వాలేదా? ఇక్కడ బుకింగ్ ఫోల్డర్‌కి పేరెంట్స్ ఫాల్స్, ఎందుకంటే దానిపైన ఉండేది మూల ఫోల్డర్, అది లేకపోతే ఏదో తేడా జరిగినట్టే. తేదీ ఫోల్డర్‌కీ అంతే, ఒక్కో మెట్టూ విడిగా కడతాం.

పేరెంట్స్ ట్రూ ఎంత మౌనంగా ముంచుతుందో దీనికి ముందు వెర్షన్‌లోనే ఉంది. మొదట్లో ఓనర్‌గారు తేదీ మనం రాసుకునే పద్ధతిలో, రోజు, నెల, సంవత్సరం మధ్య ఏటవాలు గీతలతో కావాలన్నారట. ఆ గీత విండోస్‌లో కూడా ఫోల్డర్లను విడగొట్టే గుర్తే. ఎంకేడిర్ అయితే 'పై ఫోల్డర్ లేదు' అని ఎర్రర్ ఇచ్చి ఆపేది, కుర్రాడు మేక్‌డిర్స్ వేశాడు, దాంతో 15 లోపల 08, దాని లోపల 2024 అని మెట్లు కట్టుకుంటూ పోయింది. ఒకే ఇంట్లో పెళ్లీ, కొన్ని నెలల తర్వాత సీమంతం, రెండూ పదిహేనో తేదీలైతే రెండూ 15 అనే ఒకే ఫోల్డర్ కింద. అందుకే సంవత్సరం ముందు, మధ్యలో అడ్డగీత. పేరు ప్రకారం సర్దితే తేదీల వరస కూడా దానంతటదే వస్తుంది.

అసలు నష్టం తెచ్చిన మూవ్ దగ్గర రెండు మార్పులు. ఒకటి, గమ్యం ఎప్పుడూ ఫోల్డర్ పేరుతో ఆపకూడదు, ఫైలు పేరు కూడా కలిపి పూర్తి దారి ఇవ్వాలి. అప్పుడు ఫోల్డర్ లేకపోతే 'అలాంటి దారి లేదు' అని ఎర్రర్ వస్తుంది కానీ, ఫొటో పేరు మారిపోయి ఫోల్డర్ వేషం వేయదు. ఈ ఒక్క అలవాటు ముందే ఉండి ఉంటే ఈ కేసే లేదు. ఇంకోటి, అక్కడ అదే పేరుతో ఫైలు ఉందా అని చూడటం. ఇది అతి జాగ్రత్త కాదు, కెమెరాల్లో ఫొటో నంబరు నాలుగంకెలే, 9999 దాటితే మళ్లీ 0001, పైగా ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే రెండూ ఒకే పేర్లు పెడతాయి. అందుకే తేదీ లోపల కెమెరాకో ఫోల్డర్ పెట్టాం. మూవ్ కూడా తీసేశాం, కాపీ చేసి, సైజు సరిచూసి, ఆల్బమ్ డెలివరీ అయ్యాకే కార్డు కాపీలు చేత్తో తీసేస్తారు. డిస్క్ స్థలం ఎక్కువ పడుతుంది, పడనీ.

ఇక అర్ధరాత్రి గొడవ. ఫొటో సమయంలోంచి ఆరు గంటలు తీసేసి, వచ్చిన తేదీనే ఫంక్షన్ తేదీగా తీసుకుంటున్నాం, అంటే ఉదయం ఆరు దాకా తీసినవన్నీ ముందు రోజు లెక్కలోకే. దీనికి ఇబ్బంది లేకపోలేదు, తెల్లవారుజామున నాలుగింటి ముహూర్తమైతే పెళ్లికూతురిని చేసే ఫొటోలు ఎటు వెళ్లాలో మీరే చెప్పండి. అలాంటి బుకింగ్‌కి గంటలు మార్చుకునే వీలు పెట్టాం. సమయం కూడా ఫైలు సేవ్ అయిన టైమ్ నుంచి కాకుండా, ఫొటో లోపల కెమెరా రాసుకునే ఎగ్జిఫ్ సమాచారం నుంచి తీస్తున్నాం, ఎడిట్ చేస్తే ఫైల్ టైమ్ మారుతుంది, అది మారదు. అన్ని కెమెరాల గడియారాలూ ఫంక్షన్‌కి ముందు కలుపుకోవాలి, లేకపోతే ఎంత కోడ్ రాసినా దండగే.

రెండు కంప్యూటర్లు ఒకేసారి

స్టూడియోలో ఇద్దరు ఎడిటర్లు, ఇద్దరూ ఒకే షేర్డ్ డిస్క్ మీదకు ఎక్కిస్తారు. చెక్ చేసి తయారు చేసే పాత పద్ధతిలో అరుదుగా ఒక ఎర్రర్ వచ్చేదట, మళ్లీ నడిపితే పోయేది, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. కారణం సులువు. ఒక కంప్యూటర్ 'ఫోల్డర్ ఉందా' అని అడిగి 'లేదు' అని విని, తయారు చేసే లోపు రెండో కంప్యూటర్ తయారు చేసేసింది. అడగటానికీ చేయటానికీ మధ్య ఉన్న ఆ రెప్పపాటు సందులో లోకం మారిపోయింది. దీన్ని ఎన్నిసార్లు చెక్ చేసినా పూడ్చలేం, ఎందుకంటే ప్రతి చెక్ తర్వాతా మళ్లీ ఒక సందు ఉంటుంది. నేరుగా తయారు చెయ్యమంటే, ఇద్దరిలో ఎవరు ముందో ఆపరేటింగ్ సిస్టమే తేలుస్తుంది, రెండోవాడికి 'ఉంది' అని తెలుస్తుంది, మనం దాన్ని ఫర్వాలేదని ముందే చెప్పి ఉంటాం. లోపలి ఫోల్డర్లను అడగొద్దు అని నేను పట్టుబట్టటానికి సగం కారణం ఇదే. వేరే భాషల్లోనూ ఇదే దారి: సీ షార్ప్‌లో క్రియేట్ డైరెక్టరీ ఉంటే ఊరుకుంటుంది, జావాలో క్రియేట్ డైరెక్టరీస్ కూడా అంతే, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో రికర్సివ్ అని చెప్పాలి. జావాలో పాత ఫైల్ క్లాస్‌లోని ఎంకేడిర్స్ మాత్రం కుదరకపోతే ఎర్రర్ ఇవ్వకుండా ఫాల్స్ అని ఊరుకుంటుంది, ఆ ఫాల్స్‌ని చూసేవాళ్లు తక్కువ.

ఒకేలా కనపడే రెండు ఫోల్డర్లు

ఇది తెలుగువాళ్లకే వచ్చే తలనొప్పి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బుకింగ్ పేర్లు తెలుగులో పెడతారు, పైథాన్ 3కీ విండోస్‌కీ అందులో ఏ ఇబ్బందీ లేదు. కానీ ఒక బుకింగ్ కింద 'రిసెప్షన్' అనే ఫోల్డర్లు రెండున్నాయి. అక్షరం తేడా లేదు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండనివ్వదు కదా విండోస్, మరి ఎలా? పైథాన్‌లో రెండు పేర్ల పొడవు అడిగించాను, ఒకటి 9, ఇంకోటి 10. ఒక ఎడిటర్ ఫోన్‌లోంచి వాట్సాప్‌లో వచ్చిన పేరు కాపీ చేశాడు, ఇంకొకాయన కంప్యూటర్‌లో టైప్ చేశాడు. ఫోన్‌లోంచి వచ్చినదాంట్లో చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం ఉంది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపటానికి తెలుగు కీబోర్డులు దాన్ని పెడుతుంటాయి. కంటికి ఒకే పేరు, కంప్యూటర్‌కి రెండు. 'ఫోల్డర్ ఉందా' అంటే 'లేదు' అని నిజాయితీగానే చెప్పింది.

'శైలజ' లాంటి పేర్లలో ఇంకో రకం. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం ఒకటి, కింద వచ్చే గుర్తు ఒకటి, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్క్‌ల మీద ఉన్న పేర్లు ఇలా విడదీసి ఉంటాయి. యూనికోడ్ డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్‌తో ముక్కలను ఒకటిగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తెస్తే ఐత్వం గొడవ తీరుతుంది, కనపడని నాన్ జాయినర్ మాత్రం అలా పోదు, దాన్ని మనమే తీసేయాలి. తీసేస్తే కొన్ని పదాలు ఒత్తులు మారి వికారంగా కనపడతాయి. చివరికి నేను చెప్పింది, ఫోల్డర్ పేరు బుకింగ్ నంబరే పెట్టండి, తెలుగు పేరు ఎక్సెల్‌లో ఉంచండి. ఓనర్‌గారికి ఇది నచ్చలేదు, "నంబర్లు చూస్తే ఎవరి పెళ్లో ఎలా తెలుస్తుందండీ" అన్నారు, ఆయన మాటలోనూ న్యాయం ఉంది. నంబరు ముందు, పేరు వెనక అని రాజీ పడ్డాం, స్క్రిప్ట్ నంబరు మాత్రమే చూసి ఫోల్డర్‌ను గుర్తుపడుతుంది, వెనక పేరు ఎవరెలా కొట్టుకున్నా దానికి పట్టదు.

చిన్న చిన్నవి కొన్ని. దారి రాసేటప్పుడు వెనక్కి వాలిన గీత పక్కన చిన్న ఇంగ్లీష్ టీ వస్తే పైథాన్ దాన్ని ట్యాబ్ అనుకుంటుంది, తిరుపతి అని ఇంగ్లీష్‌లో ఫోల్డర్ పేరు పెట్టిన ప్రతివాడూ ఒకసారి దీన్లో పడతాడు, కోట్ ముందు ఆర్ అక్షరం పెడితే సరి. స్క్రిప్ట్‌ను, చెప్పిన టైమ్‌కి ప్రోగ్రాములు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగిస్తే, స్టార్ట్ ఇన్ గడి ఖాళీగా వదిలితే అది విండోస్ సిస్టమ్ 32 ఫోల్డర్‌లో నిలబడి పనిచేస్తుంది, పూర్తి దారి ఇవ్వకపోతే ఫోల్డర్లు అక్కడ కట్టబోతుంది. పేరు చివర స్పేస్ గానీ చుక్క గానీ ఉంటే విండోస్ మౌనంగా కత్తిరించేస్తుంది, కాబట్టి మనమే ముందు కత్తిరించుకోవాలి.

అప్పగించే ముందు కుర్రాడి చేత పరీక్షలు రాయించాను, అన్నీ టెంప్ ఫోల్డర్‌లో, నిజం పెళ్లి ఫొటోలు లేకుండా ఉత్తుత్తి ఫైళ్లతో. తేదీ ఫోల్డర్ పేరుతో ముందే ఒక ఫైలు పెట్టి నడిపితే ఆగాలి. గుర్తు ఫైలు తీసేసి నడిపితే ఒక్క ఫోల్డర్ కూడా పుట్టకూడదు. ఒకే పేరున్న రెండు ఫొటోలు ఇస్తే రెండూ మిగలాలి. రాత్రి 11:59 ఫొటో, 12:01 ఫొటో ఒకే ఫోల్డర్‌కి వెళ్లాలి. మొదలుపెట్టేముందు ఎన్ని ఫైళ్లున్నాయో, అయ్యాక అన్ని చోట్లా కలిపి అన్నే ఉన్నాయో లెక్క సరిచూడాలి. ఈ ఆఖరు పరీక్షను పాత స్క్రిప్ట్ మీద కూడా నడిపించాను, 20 ఖాళీ ఫైళ్లు ఇచ్చాం, సగం పదిహేనో తేదీవి, సగం పదహారువి. 11 మిగిలాయి. వాడు తెల్లబోయి, "ఈ లెక్క ముందే వేసుంటే మావయ్య దగ్గర తిట్లు తప్పేవి కదన్నా" అన్నాడు. ఆ లెక్క ఇప్పుడు స్క్రిప్ట్ చివర్లో ఉంది, రెండు నంబర్లు కలవకపోతే 'పూర్తయింది' అని రాదు.